కొవ్వు శాతం చీటీ చేతికిచ్చే ముందు: తెలుగు రాష్ట్రాల డైటీషియన్లకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో పనిచేస్తున్న డైటీషియన్లకు, పోషకాహార నిపుణులకు, ఈ శాస్త్రాన్ని బోధిస్తున్న అధ్యాపకులకు నమస్కారం.

నేనూ మీ వృత్తిలోనే ఉన్నాను. ఉదయం వార్డుల్లో, మధ్యాహ్నం డయాలసిస్ విభాగంలో, సాయంత్రం ఓపీలో రోగుల బరువులూ నడుములూ కొలుస్తూ, ఎవరేం తినాలో రాసిచ్చేదాన్ని. ఈ లేఖలో మిమ్మల్ని అడగదలచుకున్నది ఒక్కటే. ఒంట్లో కొవ్వెంత, కండ ఎంత అని యంత్రం చెప్పే అంకెను రోగి చేతికి తీర్పులా ఇవ్వడం మానుకుందాం. అది కేవలం అంచనా. ఆ అంచనా ఏ పద్ధతిలో వేసిందో, ఏ పరిస్థితుల్లో తీసిందో చెప్పలేనప్పుడు దాన్ని నమ్ముకుని ఆహార ప్రణాళిక కట్టకూడదు. యంత్రం ఎక్కించే ముందు కొలత టేపు చేతిలోకి తీసుకుందాం. దాన్ని సరిగ్గా వాడుదాం, ప్రతి మనిషికీ వాడుదాం.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, బాడీ కంపోజిషన్ యంత్రం లేని చోటు కనిపించడం లేదు. జిమ్ముల్లో, అపార్ట్‌మెంట్ల ఆరోగ్య శిబిరాల్లో, ప్రోటీన్ పొడులు అమ్మే కొట్లలో, చివరకు ఇళ్ళలోని తూకాల్లో కూడా అదే. అక్కడ ముద్రించిన చీటీలు పట్టుకుని జనం మన దగ్గరకు వస్తున్నారు. కొందరు భయపడుతూ వస్తారు, కొందరు సంబరంగా వస్తారు. చాలామందికి ఆ భయానికీ సంబరానికీ కారణమే ఉండదు. అది వాళ్ళకు విడమరచి చెప్పాల్సింది మనమే, మనమేమో అవే చీటీలు మన లెటర్‌హెడ్ మీద ఇస్తున్నాం.

అసలు ఒంట్లో కొవ్వు, కండ కొలవడం అనవసరమని నా ఉద్దేశం కానే కాదు. మన ప్రాంతానికి ఉన్నంత అవసరం బహుశా ఇంకెక్కడా లేదు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోతో సహా ఒక చిన్న వ్యాసం రాశారు. ఇద్దరి బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 22.3. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఎవరికీ తేడా కనిపించదు. తక్కువ మోతాదు ఎక్స్‌రేలతో కొవ్వు, కండ, ఎముకలను విడివిడిగా చూపే డెక్సా స్కాన్ తీస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. బీఎంఐ అదే, కొవ్వు మాత్రం రెట్టింపుకు మించి. అంతకుముందు పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి చూశారు. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడి వారిది 3.5 కిలోలు. మన పిల్లల్లో కండ, పొట్టలోని అవయవాలు చిన్నవిగా ఉన్నాయి గానీ, వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. సన్నగా కనిపిస్తూనే కొవ్వు మోసే ఈ శరీర తత్వం తల్లి కడుపులోనే మొదలవుతోందన్న మాట.

అందుకే, ‘సన్నగానే ఉన్నాను కదా, నాకు షుగరేమిటి’ అన్న ప్రశ్న మన ఓపీల్లో రోజూ వినిపిస్తుంది. నా దగ్గరకు వచ్చిన ఒక టీచరమ్మ సంగతి చెబుతాను. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 53 కిలోలు, బీఎంఐ 22.3. చేతులు సన్నం, పిక్కలు సన్నం. అంతకుముందు ఎవరో ఆమె కేసు షీటులో ‘బరువు సాధారణం’ అని రాసి వదిలేశారు. నడుము కొలిస్తే 86 సెంటీమీటర్లు. మన దేశపు వైద్య నిపుణులు 2009లో ఒప్పుకున్న హద్దు మహిళలకు 80, పురుషులకు 90. ఆమెకు అప్పటికే మధుమేహం ఉంది. బరువు తగ్గమని చెప్పి పంపితే ఉన్న కాస్త కండా పోతుంది. ఆమెకు కావలసింది పొట్ట తగ్గడం, కాళ్ళలో బలం పెరగడం. ఆ సంగతి తేలడానికి పట్టింది ఒక టేపు, ఒక నిమిషం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత కూడా ఈ మాటే చెప్పింది. 2019-21 మధ్య చేసిన ఆ సర్వేలో 15-49 ఏళ్ళ మహిళల్లో బీఎంఐ 25 దాటినవారు దేశం మొత్తం మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. ఇదే ఎక్కువనుకుంటే, ఆ సర్వేలోనే నడుము, తుంటి నిష్పత్తి కూడా కొలిచారు. ఆ నిష్పత్తి ప్రమాదపు హద్దు దాటిన మహిళలు దేశంలో 57 శాతం. 24కూ 57కూ మధ్య ఉన్న ఆ మహిళలందరినీ బరువు తూకం దాటవేస్తోంది. వాళ్ళను పట్టుకున్నది టేపు.

బీఎంఐని తిట్టడం ఇప్పుడు అలవాటైపోయింది. బెల్జియంకు చెందిన గణాంక శాస్త్రజ్ఞుడు క్వెట్‌లె 1830లలో జనసమూహాల లెక్క కోసం కనిపెట్టిన సూత్రం అది. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు 1972లో యాన్సెల్ కీస్ పెట్టాడు. గుంపుల గురించి చెప్పడానికి అది ఇప్పటికీ పనికొస్తుంది. మనిషి గురించి చెప్పడానికి మాత్రం దానికి తోడు కావాలి. ఒకే బీఎంఐ దగ్గర ఆసియా వాసుల ఒంట్లో కొవ్వు ఐరోపా సంతతి వారికంటే 3 నుంచి 5 శాతం పాయింట్లు ఎక్కువగా ఉంటుందని తేలింది. కాబట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో ఆసియా దేశాలకు 23, 27.5 అన్న హద్దులను సూచించారు. 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ ఊబకాయానికి కొత్త నిర్వచనం ఇస్తూ, సాధారణంగా బీఎంఐ ఒక్కదాన్నే చూసి ఊబకాయమని ముద్ర వేయవద్దని చెప్పింది. నడుము చుట్టుకొలత గానీ, నేరుగా కొవ్వును కొలిచే పద్ధతి గానీ తోడుండాలని స్పష్టంగా రాసింది.

ఇక్కడే చిక్కు వచ్చిపడింది. ‘నేరుగా కొవ్వును కొలిచే పద్ధతి’ అన్న మాట వినగానే చాలామందికి తమ గదిలో ఉన్న యంత్రం గుర్తొచ్చింది. ఆ యంత్రం కొవ్వును కొలవదు. విద్యుత్తుకు ఒళ్ళు ఎంత అడ్డుపడుతోందో కొలుస్తుంది. పాదాల నుంచో, చేతుల నుంచో అతి స్వల్పమైన విద్యుత్తును పంపుతుంది. నీరు, అందులో కరిగిన లవణాలు ఉన్న కండ గుండా అది సులువుగా వెళుతుంది, కొవ్వు గుండా వెళ్ళలేదు. ఆ అడ్డును బట్టి ఒంట్లో నీరెంతో లెక్క కడుతుంది. కొవ్వు కాని భాగంలో దాదాపు 73 శాతం నీరే అన్న నమ్మకంతో నీటి నుంచి ఆ భాగం బరువును లెక్కిస్తుంది. దాన్ని మొత్తం బరువులోంచి తీసేస్తే మిగిలినది కొవ్వు. అంటే మన చీటీలో మొదటి వరసలో పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె, లెక్కలో చిట్టచివర మిగిలిన శేషం. ముందు జరిగిన తప్పులన్నీ వచ్చి చేరేది అందులోనే.

ఒక పని చేసి చూడండి. ఒకే మనిషిని యంత్రం మీద నిలబెట్టి, వయసు 38 అని ఒకసారి, 58 అని ఇంకోసారి కొట్టండి. చాలా యంత్రాల్లో కొవ్వు శాతం మారిపోతుంది. ఒళ్ళు అదే, నిమిషం కూడా గడవలేదు. మారింది మనం నొక్కిన అంకె. ఎందుకంటే లోపల ఉన్న సమీకరణం ఎక్కడో కొన్ని వందల మందిని కొలిచి తయారుచేసినది. వయసు, ఎత్తు, ఆడా మగా అన్న వివరాలను బట్టి వాళ్ళ సగటు వైపు మనిషిని నెడుతుంది. ఆ కొన్ని వందల మందీ ఎక్కువగా అమెరికా, ఐరోపా, జపాన్, కొరియా వాళ్ళు. పుణె, లండన్ వైద్యుల మధ్య ఉన్నంత తేడా అలాంటి సమీకరణానికి ఎలా తెలుస్తుంది?

ఇంకో సంగతి మన వృత్తిలోనే చాలామందికి తెలియదు. మొండెం మన బరువులో దాదాపు సగం. కానీ చేతి నుంచి కాలికి విద్యుత్తు పంపే యంత్రంలో, మొత్తం అడ్డులో మొండెం వాటా పదో వంతుకు అటూ ఇటూ. మొండెం లావుగా, పొట్టిగా ఉంటుంది కాబట్టి విద్యుత్తు అందులోంచి తేలిగ్గా దాటిపోతుంది. సన్నగా, పొడుగ్గా ఉన్న చేతులూ కాళ్ళే యంత్రానికి ఎక్కువగా కనిపిస్తాయి. మన వాళ్ళకు జబ్బు తెస్తున్న కొవ్వు ఎక్కడుందో యంత్రం చూపు అక్కడే అతి తక్కువ. పుండొక చోట మందొక చోట అంటే ఇదే. ఎనిమిది ఎలక్ట్రోడ్ల ఖరీదైన యంత్రాలు మొండాన్ని విడిగా కొలుస్తాయి, నిజమే. కానీ అక్కడ అడ్డు ఎంత తక్కువంటే చిన్న పొరపాటు కూడా పెద్ద తేడా చూపిస్తుంది. చీటీలో ‘విసరల్ ఫ్యాట్ లెవెల్ 9’ అని పడేది కూడా అంచనాల మీద వేసిన అంచనా. పొట్టలోపలి కొవ్వును నిజంగా చూడాలంటే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ కావాలి.

పరిస్థితుల మాటకొస్తే, ఈ పరీక్షకు ముందు కొన్ని గంటలు ఏమీ తినకూడదు. ముందు రోజు నుంచీ కఠిన వ్యాయామం చేయకూడదు, మద్యం తాగకూడదు. మూత్ర విసర్జన చేసి రావాలి, ఒంటి మీద లోహం తీసేయాలి, కాసేపు స్థిమితంగా ఉండాలి. మన శిబిరాల్లో జరిగేదేమిటి? మే నెల సాయంత్రం, చెమటతో తడిసి మెట్లెక్కి వచ్చిన మనిషిని చేతికి బంగారు గాజులతో, కడుపులో టిఫినుతో నేరుగా యంత్రం ఎక్కిస్తారు. అప్పుడే తాగిన నీరు కడుపులో ఉన్నంతసేపు యంత్రానికి నీరుగా కనిపించదు. బరువు మాత్రం పెరుగుతుంది కాబట్టి దాన్ని కొవ్వు ఖాతాలో వేస్తుంది. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్ళ వాపులున్నవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి, కాలేయం చెడి పొట్టలో నీరు పట్టినవారికి ఆ 73 శాతం నమ్మకమే కూలిపోతుంది. డయాలసిస్‌కు ముందు ‘కండ బాగుంది’ అని చూపిన మనిషి, నాలుగు గంటల తర్వాత రెండు మూడు కిలోల నీరు పోగానే ‘కండ తగ్గింది’ అని చూపుతాడు. పోయింది నీరే. వాపు చాటున నిజంగా చిక్కిపోతున్న కండను మాత్రం ఆ అంకె దాచేస్తుంది. ఆహారం పెంచాల్సిన మనిషికి పెంచకుండా వదిలేస్తాం. నా కోపమంతా ఇక్కడే.

గుండెకు పేస్‌మేకర్ లాంటివి అమర్చినవారిని అసలు ఈ యంత్రం ఎక్కించకూడదు. గర్భిణులకూ వద్దంటారు తయారీదారులే. శిబిరంలో ఎంతమంది ఈ రెండు ప్రశ్నలూ అడుగుతున్నారో మీరే గమనించండి.

ఇక చీటీల పోలిక. ఒక అమ్మాయి రెండు చీటీలు తెచ్చింది. మొదటిది ఒక జిమ్ముది: బరువు 64 కిలోలు, కొవ్వు 34.8 శాతం. పదిహేను రోజుల తర్వాత ఇంకో చోట తీసిన చీటీ: బరువు 64 కిలోలే, కొవ్వు 31.2 శాతం. మధ్యలో వాళ్ళిచ్చిన పొడి తాగింది. పొడి పనిచేసిందని నమ్మి ఇంకో మూడు డబ్బాలకు డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉంది. ఆమె ముందే కాగితం మీద లెక్క వేశాం. 64 కిలోల్లో 3.6 శాతం పాయింట్లంటే 2.3 కిలోల కొవ్వు. అది కరగాలంటే పదిహేను రోజుల పాటు రోజుకు దాదాపు 1,200 కిలోకేలరీల లోటు ఉండాలి. ఆమె రోజంతా తినేదే దానికి కాస్త ఎక్కువ. పైగా బరువు మారలేదు కాబట్టి అదే పదిహేను రోజుల్లో 2.3 కిలోల కండ పెరిగి ఉండాలి. బరువులెత్తే క్రీడాకారులకు కూడా అది సాధ్యం కాదు. రెండు వేర్వేరు యంత్రాలు, రెండు వేర్వేరు వేళలు. వ్యక్తి స్థాయిలో ఈ యంత్రాల అంచనా డెక్సాతో పోల్చినప్పుడు నాలుగైదు శాతం పాయింట్లు అటూ ఇటూ కావడం మామూలే. అలాంటప్పుడు దశాంశ బిందువు తర్వాత ఒక అంకె వేసి చూపించడమే తప్పుదారి పట్టించడం. ఆ చీటీలో ‘మెటబాలిక్ వయసు 46’ అని, అంటే ఒళ్ళు ఏ వయసువారిలా పనిచేస్తోందో చెబుతున్నట్టు ఒక అంకె కూడా ఉంది. ఆ అమ్మాయికి ఇంకా ముప్పై నిండలేదు. ఆ అంకెకు అందరూ ఒప్పుకున్న శాస్త్రీయ ప్రమాణమేదీ లేదు. ఆమె రాత్రుళ్ళు నిద్రపోలేదని తల్లి చెప్పింది.

బరువు తగ్గే కార్యక్రమాలు నడిపే మిత్రులకు ఇక్కడే ఒక మాట. అన్నం, చపాతీ ఒక్కసారిగా మానిపిస్తే మొదటి వారంలో బరువు గబగబా తగ్గుతుంది. కండలోనూ కాలేయంలోనూ నిల్వ ఉన్న గ్లైకోజెన్, అంటే ఒళ్ళు దాచుకున్న పిండి పదార్థం, ఖర్చయిపోతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో దాదాపు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది, అదీ పోతుంది. ఆ వారంలో తీసిన చీటీ చూసి సంబరపడినా భయపడినా రెండూ దండగే. కనీసం నెల రోజులు ఆగకుండా రెండోసారి తీయవద్దు. తీసినప్పుడు అదే యంత్రం, అదే వేళ, అదే పరగడుపు. అప్పుడు కూడా ఒక్క అంకె చూడవద్దు, మూడు నాలుగు సార్ల వరసను చూడండి. ఒకే మనిషిలో మార్పు ఎటు వెళుతోందో గమనించడానికి ఈ యంత్రం పనికొస్తుంది. దాన్ని మూలన పడేయమని నేను చెప్పను.

ఇప్పుడు టేపు సంగతి. నడుము కొలవడం అందరికీ వచ్చనే అనుకుంటాం. నేను చూసినంతలో చాలామంది బొడ్డు దగ్గర టేపు చుట్టి, చీర మీదుగా, మనిషి ఊపిరి బిగబట్టి ఉండగా కొలుస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన చోటు వేరు. చంక మధ్య నుంచి కిందికి గీత గీసినట్టు ఊహించుకుని, ఆ గీత మీద చేతికి తగిలే చిట్టచివరి పక్కటెముక అంచును, కటి ఎముక పై అంచును వేళ్ళతో వెతకాలి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన టేపు పడాలి. మన ఆడవాళ్ళలో చాలామందికి అది లంగా నాడా కట్టుకునే చోటే అవుతుంది. ఏళ్ళ తరబడి నాడా బిగించిన గాటు అక్కడ లోతుగా పడి ఉంటుంది. నాడా వదులు చేయకుండా కొలిస్తే నాలుగైదు సెంటీమీటర్లు తక్కువ రావచ్చు. వదులు చేయించాలంటే తలుపు వేసిన గది ఉండాలి, లేదా కనీసం ఒక తెర ఉండాలి, పక్కన ఆడ మనిషి ఉండాలి. ‘అమ్మా, నాడా కాస్త వదులు చేసుకోండి, నడుము కొలవాలి’ అని చెప్పి, వాళ్ళ ముఖంలో సిగ్గు తగ్గేదాకా ఆగాలి. గాటు పడిన చోట టేపు గాటులోకి దిగిపోకుండా చూసుకోవాలి. టేపు చుట్టూ నేలకు సమాంతరంగా ఉందో లేదో వెనక్కి వెళ్ళి చూడాలి. ఊపిరి మామూలుగా వదిలాక, చర్మాన్ని నొక్కకుండా, అంకె చదవాలి. రెండు సార్లు కొలవాలి. రెండింటికీ సెంటీమీటరు మించి తేడా వస్తే మూడోసారి. దర్జీ టేపు వద్దు, వాడగా వాడగా సాగిపోతుంది. సాగని ఫైబర్ టేపు కొనడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

హద్దులు గుర్తుండని వారికి ఇంకా సులువైన దారి ఉంది. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదు. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2022లో తన మార్గదర్శకాల్లో దీన్ని చేర్చింది. టీచరమ్మ ఎత్తుకు 77 రావాలి, ఉన్నది 86. ఈ మాట రోగికి వెంటనే అర్థమవుతుంది. ఇంటికి వెళ్ళి ఎత్తంత పొడవున్న దారాన్ని సగానికి మడిచి నడుముకు తానే చుట్టి చూసుకోవచ్చు.

ఎత్తును కూడా నిర్లక్ష్యం చేస్తున్నాం. ‘మీ ఎత్తెంత?’ అని అడిగి రాసుకోవడం పెద్ద ఆస్పత్రుల్లోనూ చూశాను. 60 కిలోల మనిషి ఎత్తు 150 సెంటీమీటర్లయితే బీఎంఐ 26.7. దాన్ని 153 అని రాసుకుంటే 25.6. గూని వచ్చిన ముసలమ్మలకు ఎత్తు కొలవడమే కుదరదు. వాళ్ళకు చేతులు రెండు పక్కలకూ చాచి ఆ కొస నుంచి ఈ కొసకు కొలవడం గానీ, ముంజేతి ఎముక పొడవు గానీ వాడి, ఏది వాడామో పక్కనే రాయాలి.

చర్మం మడత పట్టి కొలిచే క్యాలిపర్ల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. డర్నిన్, వామర్స్‌లీ 1974లో గ్లాస్గోలో 481 మందిని నీటిలో ముంచి తూచి, నాలుగు చోట్ల చర్మపు మడతల మొత్తం నుంచి కొవ్వు శాతం రాబట్టే పట్టికలు తయారుచేశారు. మన పాఠ్య పుస్తకాల్లో ఇప్పటికీ అవే. గ్లాస్గో జనం పట్టికతో మన శాతం రాయడం కంటే, నాలుగు మడతల మొత్తాన్ని మిల్లీమీటర్లలోనే రాసి, ఆ మొత్తం తగ్గుతోందా లేదా అని చూడటం నిజాయితీగా ఉంటుంది. చేయి తిరిగినవారు కొలిస్తేనే క్యాలిపర్ మాట వింటుంది, అందుకు శిక్షణ కావాలి.

మన జనం ముందుకంటే ఎక్కువ కాలం బతుకుతున్నారు. అరవై దాటినవారిలో కొవ్వు కంటే కండ గురించే నాకు దిగులు. దాన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఆసియా దేశాల సార్కోపీనియా (వయసుతో కండ, బలం తగ్గిపోవడం) బృందం 2019లో చెప్పిన హద్దులు మనకు సరిగ్గా పనికొస్తాయి. పిక్క చుట్టుకొలత పురుషులకు 34, మహిళలకు 33 సెంటీమీటర్ల కంటే తక్కువగా ఉంటే అనుమానించాలి. చేతి పట్టు పురుషులకు 28 కిలోలు, మహిళలకు 18 కిలోల కంటే తక్కువైతే బలహీనమే. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదు సార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే శరీరం పనితీరు తగ్గినట్టు. ‘ఒళ్ళు కాస్త తగ్గారు, మంచిదే’ అని మనం మెచ్చుకునే పెద్దాయన నేల మీంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నాడేమో చూడండి. పిక్కకు వాపుంటే ఆ కొలత పనికిరాదు, వేలితో నొక్కి గుంట పడుతుందేమో చూశాకే టేపు చుట్టండి.

సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు వచ్చాక ఇది ఇంకా అత్యవసరమైంది. బరువు తగ్గడం కోసం అవి 2025లో మన మార్కెట్లోకి వచ్చాయి. స్కాన్లు తీసి చూసిన పరీక్షల్లో, తగ్గిన బరువులో నాలుగో వంతు నుంచి 40 శాతం దాకా కొవ్వు కాని భాగమేనని తేలింది. దాంట్లో నీరూ ఉంటుంది, కండా ఉంటుంది. మొదటి నుంచే కండ తక్కువగా ఉన్న మన వాళ్ళకు ఇది ఎంత నష్టమో ఆలోచించండి. ఆ మందు మొదలుపెట్టే రోజునే చేతి పట్టు, పిక్క, కుర్చీ పరీక్ష రాసి పెట్టుకోకపోతే ఆరు నెలల తర్వాత ఏం పోయిందో ఎవరూ చెప్పలేరు. మందు రాసేది వైద్యులే కావచ్చు, ఆ మొదటి రోజు కొలతలు మాత్రం మన బాధ్యత.

అంగన్‌వాడీ అక్కల దగ్గర ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల టేపు చూసే ఉంటారు. ఆరు నెలలు నిండి అయిదేళ్ళ లోపు ఉన్న పిల్లల దండచేయి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, తీవ్రమైన పోషకాహార లోపం. ఆ పట్టీ ఎక్కడ చుట్టాలో, ఎంత బిగించాలో, ఎరుపు వస్తే ఎక్కడికి పంపాలో వాళ్ళకు తెలుసు. పెద్ద చదువులు చదివిన మనం పెద్దవాళ్ళకు అంత స్పష్టమైన పద్ధతి పెట్టుకోలేకపోయాం.

కాబట్టి అడుగుతున్నాను. ఓపీ నడిపే మిత్రులు కొవ్వు శాతం రాసిన ప్రతిచోటా, పక్కనే ఏ పద్ధతిలో తీశారు, ఏ యంత్రం, పరగడుపా కాదా, ఎన్ని గంటలకు అన్నది రాయండి. దశాంశం తీసేసి ‘31 నుంచి 37 మధ్య’ అన్నట్టు హద్దులు రాయండి. ‘మెటబాలిక్ వయసు’ ఉన్న భాగాన్ని ముద్రించకుండా ఆపేసే వీలు చాలా యంత్రాల్లో ఉంటుంది, ఆపేయండి. కొవ్వు శాతం చూపించి ప్యాకేజీలు, పొడులు అమ్మే శిబిరాలకు మన పేరు వాడుకోనివ్వకండి.

కళాశాలల్లో చెప్పే అధ్యాపకులారా, ఆంత్రోపోమెట్రీ (శరీర కొలతలు తీసే) ప్రాక్టికల్ ఒక పూట రికార్డు పుస్తకంతో ముగించవద్దు. ఒకే మనిషిని ఒకే విద్యార్థి రెండు సార్లు, ఇద్దరు విద్యార్థులు విడివిడిగా కొలిచి, తమ మధ్య తేడా ఎంతో తామే లెక్కగట్టాలి. తన చేతి తప్పు ఎంతో తెలియని విద్యార్థికి రోగిలో వచ్చిన మార్పు నిజమో కాదో తెలిసే దారి లేదు. ఆసుపత్రుల యాజమాన్యాలు లక్షలు పోసి యంత్రం కొనే ముందు ఒక తెర, ఒక గోడ ఎత్తుకోల, ఒక పట్టు మీటరు ఇప్పించాలి.

జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాదులోనే, తార్నాకలో ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలైన ఆ సంస్థ ఇక్కడికి వచ్చి ఆరు దశాబ్దాలు దాటింది. అక్కడి నుంచే నడిచిన జాతీయ పోషణ పర్యవేక్షణ విభాగం సిబ్బంది 1972 నుంచి పల్లెపల్లెకూ వెళ్ళి బరువులు, ఎత్తులు, చర్మపు మడతలు కొలిచారు. హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1980ల చివర పుట్టిన పిల్లలను, వాళ్ళ కుటుంబాలను తర్వాతి దశాబ్దాల్లోనూ వెంటాడి పరీక్షించారు, పెద్దయ్యాక డెక్సా స్కాన్లూ తీశారు. అంటే తెలుగు శరీరాల మీద నిజమైన కొలతలు మన దగ్గరే ఉన్నాయి. టేపు, చర్మపు మడతల నుంచి కొవ్వును అంచనా వేసే మన సమీకరణాలను, వాటి తప్పు పరిధితో సహా, ఓపీలో వాడుకునేంత సులువైన పట్టికగా తెలుగులో ముద్రించి ఇవ్వమని ఆ సంస్థను మన సంఘాల తరఫున కలిసి అడుగుదాం. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మన వృత్తిని గుర్తించింది. ఆ చట్టం కింద ఏర్పడే రాష్ట్ర మండళ్ళు డైటీషియన్ నమోదుకు కొలతల నైపుణ్యాన్ని ఒక షరతుగా పెట్టాలని కూడా కోరదాం. ఉమ్మడి వినతిపత్రం రాయడానికి నేను సిద్ధం. మీ జిల్లా నుంచి ఒకరు ముందుకొచ్చి పేరు ఇస్తే వచ్చే నెలలోనే కూర్చుందాం.

ఇట్లు,
మీ తోటి డైటీషియన్